వస్త్రమునకు దేహమా, దేహమునకు వస్త్రమా?

చీరల దుకాణమునకు బోయినప్పుడు మనమందఱము చూచెడి దృశ్య మొకటి కలదు. పరుపుమీద కూర్చున్న గుమాస్తా, మనము చేయి చూపిన చీర మడత విప్పి, గబగబ కుచ్చెళ్ళు పోసి, పైట తన భుజముమీదనే వేసికొని, "చూడండమ్మా, అంచు ఎట్లు తేలినదో!" యనును. ఆతనికి మీసములుండును, కొందఱికి బొజ్జయు నుండును. అయినను ఆతనిని చూచి నవ్వువారు లేరు. "అయ్యో, నాకంటె నీతనికే బాగున్నదే" యని చింతించి, యింటికి వచ్చి అన్నము మానిన యిల్లాలిని మే మింతవఱకు చూడలేదు. మన చూపు చీరమీదనే యుండును గాని, దానిని చూపుచున్న దేహముమీద నుండదు.

ఆ దుకాణపు గోడమీదనే నిలువెత్తు చిత్రపట మొకటి వ్రేలాడుచుండును. అందులో అదే చీరను పొడవైన, సన్నని, పసిమిచాయగల యువతి ధరించి యుండును. దానిని చూచినప్పుడు మాత్రము మన చూపు చీరపై నిలువదు. ఆమె నడుముపైకి బోవును. అచ్చటినుండి మన నడుముపైకి వచ్చును. ఇంటికి బోవునప్పటికి చీరతోబాటు చిన్న దిగులు గూడ సంచిలో వచ్చి చేరును. గుమాస్తా భుజమునకును, గోడమీది యువతికిని నడుమ నున్న యీ భేదము ఎట్లు పుట్టినది? దాని చరిత్ర యేమి? దానివలన మనయిండ్లలోని ఆడపిల్లలకు కలుగుచున్న మేలు కీడు లెట్టివి? ఈ మాసమున మా సోదరీమణులతో కలిసి ఈ విషయమును విచారింప దలచితిమి.

బొమ్మలనుండి మనుష్యులకు

వస్త్రములను చూపుటకు జీతమిచ్చి స్త్రీలను నియమించుట అతిప్రాచీనమైన ఆచారము కాదు. పూర్వము ఐరోపాలో ఈ పని బొమ్మలు చేసెడివి. పారిస్ నగరమున నే తీరు గౌనులు వ్యాప్తిలో నున్నవో తక్కిన రాజధానులలోని రాణులకును, ప్రభువుల భార్యలకును తెలియుటకై, అచ్చముగా అదే తీరున దుస్తులు కుట్టి బొమ్మలకు తొడిగి పంపెడివారు. నేటికిని మోడలుకు పర్యాయపదముగా వాడబడు 'మానెకిన్' అను మాటకు డచ్చి భాషలోని మూలార్థము 'చిన్న మనిషి' యని. తరువాత ప్రాణమున్న స్త్రీలే ఆ పనికి వచ్చినను, పేరు మాత్రము బొమ్మదే నిలిచినది. ఈ పేరు ముందు జరుగనున్న కథకు సూచన వలె తోచుచున్నది.

ఇంగ్లండులోని లింకన్‌షైర్ ప్రాంతమున 1825 లో పుట్టిన చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ అనునతడు పారిస్ చేరి, గాజెలిన్ అను బట్టల అంగడిలో పనికి కుదిరెను. అచ్చట మేరీ వెర్నే అను యువతి పనిచేయుచుండెను. శాలువలు కొనవచ్చినవారికి ఆమె వానిని తన భుజములపై వేసికొని చూపెడిది. శాలువ అందము చక్కగా తెలియుటకై వర్త్ ఆమెకు సాదా గౌనులు కుట్టియిచ్చెను. కొనవచ్చిన స్త్రీలు శాలువతోబాటు, "ఈ గౌనుకూడ మాకు కావలెను" అని యడుగ నారంభించిరి. 1851 లో వారిరువురకు వివాహమైనది. 1858 లో వర్త్ ఒక భాగస్వామితో గలసి పారిస్‌లోని ర్యూ ద లా పే అను వీధిలో స్వంత దుకాణము తెఱచెను. ఫ్రాన్సు సామ్రాజ్ఞి యూజెనీ ఆతని కొనుగోలుదారులలో నొకతె యయ్యెను. మేరీయే తొలి మోడల్ అని ఫ్యాషన్ చరిత్రకారులు తఱచు చెప్పుదురు. ఆమె గుమాస్తావలెనే దుకాణములో పని చేయుచు, వచ్చినవారితో మాటలాడుచు, సరకు చూపెడిది. ఆమె దేహమును గూర్చి యెవ్వరును కొలతలు వ్రాసికొన లేదు.

ఆ కాలమున ఈ వృత్తికి గౌరవము తక్కువ. పరాయివారి యెదుట దుస్తులు మార్చి చూపెడి పిల్లకు పెండ్లి యగుటయే కష్టమని తలచెడివారు. కావున కొన్ని దుకాణములలో ఆ పిల్లలు మెడనుండి మణికట్టువఱకు కప్పెడి నల్లని అంగీ నొకదానిని లోపల ధరించి, దానిపై అమ్మకపు గౌనును తొడిగికొనెడివారు. లండనులో లూసిల్ అను పేర వస్త్రవ్యాపారము నడిపిన లేడీ డఫ్ గార్డన్ ఈ నల్లని అంగీని వెక్కిరించి తీసివేయించినది. 1912 లో మునిగిన టైటానిక్ ఓడనుండి ప్రాణములతో బయటపడినవారిలో ఈమెయు నొకతె. ఈమె పేదయిండ్ల పొడగరి పిల్లలను ఎంచి, వారికి నడక నేర్పి, క్రొత్త పేర్లు పెట్టి, దీపములు, తెఱలు, సంగీతము గల చిన్న రంగస్థలముపై నడిపించినది. నేడు మనము చూచెడి ఫ్యాషన్ ప్రదర్శనమునకు ఇది పునాదులలో నొకటి. చూడవచ్చినవారు గౌను నెంత చూచిరో, పిల్లనుగూడ అంత చూచిరి. చూపు మరలిన చోటు ఇదియే యని చెప్పవచ్చును.

కనబడు కట్టు, కనబడని కట్టు

అప్పటి పాశ్చాత్య స్త్రీల అవస్థను గూర్చి కొంత చెప్పవలసి యున్నది. వారు కార్సెట్టు అను కట్టును ధరించెడివారు. అది తిమింగిలము నోటనుండి తీసిన బద్దలతోగాని, ఉక్కు బద్దలతోగాని బిగించి కుట్టిన రవికవంటిది. వెనుకనుండి త్రాళ్ళతో లాగి కట్టిన, నడుము సన్నపడి, ఛాతీయు తుంట్లును పైకి తోచును. ఊపిరి బిగపట్టి బ్రతికిన తరము లెన్నియో గడచినవి.

1903 లో పారిస్‌లో దుకాణము తెఱచిన పాల్ పువారే అను వస్త్రరూపకర్త ఆ తరువాత కొన్నియేండ్లలోనే కార్సెట్టు అవసరములేని వదులైన నిలువు గౌనులను కుట్టి పేరు పొందెను. కొంతకాలమునకు ఆతడే చీలమండలయొద్ద బిగువైన గౌనులను గూడ కుట్టగా, స్త్రీలు చిన్నచిన్న యడుగులు వేయుచు నడువవలసి వచ్చినది. మొదటి ప్రపంచయుద్ధ కాలమున స్త్రీలు కర్మాగారములలో పనికి బోయిరి. యుద్ధానంతరము జుట్టు కత్తిరించుకొనిరి. పొట్టి గౌనులు ధరించిరి. కార్సెట్టు క్రమముగా అటక యెక్కినది. స్త్రీ దేహమునకు విముక్తి కలిగినదని యందఱును సంతసించిరి.

ఆ సంతోషము పూర్ణము కాలేదు. 1920 ప్రాంతపు గౌను గొట్టమువలె తిన్నగా నుండెను. ఆ గౌను అందగించుటకు ఛాతీయు, తుంట్లును లేని బాలునివంటి దేహము కావలెను. కార్సెట్టు బిగించి చేసినపనిని ఇప్పుడు పస్తులుండి చేయవలసి వచ్చినది. అమెరికాలో లులు హంట్ పీటర్స్ అను వైద్యురాలు 1918 లో ప్రకటించిన ఆహారనియమ గ్రంథము వేలకొలది స్త్రీలకు కేలరీల లెక్క నేర్పినది. అన్నము ముద్దను అంకెగా చూచుట అప్పుడు గృహిణులలో ప్రబలినది. కార్సెట్టును రాత్రి పరుండబోవునప్పుడైనను విప్పెడివారు. ఈ క్రొత్త కట్టు మనస్సులో నున్నది. దానికి ముడి యెచ్చటనో ధరించినవారికే తెలియదు.

ఒక్క కొలత యెట్లు వచ్చినది?

1923 లో జాన్ రాబర్ట్ పవర్స్ అనునతడు న్యూయార్కులో మోడళ్ళను పనికి కుదిర్చెడి సంస్థను స్థాపించెను. 1924 లో జాన్ పటూ అను ఫ్రెంచి వస్త్రరూపకర్త అమెరికాకు బోయి, తన గౌనులకు తగినట్లు పొడవుగా, సన్నముగా నున్న ఆరుగురు యువతులను ఏరి పారిస్‌కు దెచ్చెను. మేరీ వెర్నే కాలమున దుకాణములో నున్న పిల్లకు గౌను కుట్టిరి. పటూ కాలమునకు గౌనుకు తగిన పిల్లకై సముద్రము దాటి వెదకిరి. డెబ్బది యేండ్లలో పని తలక్రిందులైనది.

దీనికి వ్యాపారపు కారణము గూడ కలదు. అంగడిలోనికి రాకముందే, ప్రదర్శనమునకును ఛాయాచిత్రములకును ప్రతి దుస్తునకు ఒక్క నమూనా కుట్టుదురు. పది కొలతలలో కుట్టిన ఖర్చు పెరుగును గనుక ఒక్క కొలతతోనే సరిపెట్టుదురు. ఆ నమూనా యెవతెకు పట్టునో ఆమెకే పని దొరకును. పట్టనిచో ద్వారమునుండియే త్రిప్పి పంపుదురు. నమూనాకొలత అంగుళము తగ్గిన, వేలకొలది పిల్లలు అంగుళము తగ్గవలెను. ఒకని కత్తెర ఖర్చు తగ్గించుటకై ఏర్పడిన పద్ధతి లోకమునకు సౌందర్యశాస్త్రమై కూర్చున్నది.

1947 ఫిబ్రవరి 12 వ తేదీన పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ తన తొలి ప్రదర్శనమును జరిపెను. సన్నని నడుము, పెక్కు గజముల గుడ్డతో వెడల్పైన పావడాలు. రెండవ ప్రపంచయుద్ధపు లేమిలో నలిగిన స్త్రీలలో ననేకులు వానిని చూచి ముగ్ధులైరి. మఱికొందఱు మండిపడిరి. ఇంగ్లండులో బట్టల రేషను 1949 వఱకు సాగినది. అట్టి కాలమున ఒక్క పావడాకు అంత గుడ్డయా యని ప్రశ్నించిరి. అమెరికాలో కొందఱు స్త్రీలు వీధులలో నిలిచి నిరసన తెలిపిరి. పోయినదనుకొన్న నడుముకట్టు మరల పెట్టెలోనుండి పైకి వచ్చినది. స్వీడన్ దేశమున బుట్టిన లీసా ఫాన్సాగ్రివ్ అను మోడల్ చిత్రము 1949 లో టైమ్ పత్రిక ముఖపత్రముపై వచ్చినది. అంత కీర్తి వచ్చినను ఆమె తాను మంచి బట్టల కొక్కెమును మాత్రమే యని వినయముగా చెప్పుకొన్నదట. ఆ మాటలో వినయముతోబాటు సత్యమును కలదు.

1966 లో లండనులో లెస్లీ హార్న్‌బీ అను పదునారేండ్ల బాలికను ఒక దినపత్రిక ఆ సంవత్సరపు ముఖముగా చాటినది. ఆమె కాళ్ళు పుల్లలవలె సన్నగా నుండుటచే ట్విగ్గీ యను ముద్దుపేరు వచ్చినది. కొన్ని మాసములలో ఆ బాలిక చిత్రము దేశదేశములకు పాకినది. ఆమెది సహజముగనే బక్కపలుచని దేహము. దోషము ఆ పిల్లది కాదు. ఇంకను ఎదుగుచున్న బాలిక దేహమును ఇద్దఱు బిడ్డల తల్లికి ఆదర్శముగా నిలిపినవారిదే దోషము. 1947 లో నడుము, తుంట్లు లేనిది స్త్రీయే కాదనిరి. ఇరువది యేండ్లు తిరుగకముందే అవి యుండుటయే తప్పనిరి. ఈ రెండు కాలములలోను బ్రతికిన ఒక్క స్త్రీ తన దేహము నేమి చేసికొనవలెనో చెప్పినవారు లేరు.

వర్ణపు గోడ

కొలత యొక గోడ యైన, వర్ణము మఱొక గోడ. అమెరికాలోని డిట్రాయిట్ నగరమున బుట్టిన డొన్యేల్ లూనా అను నల్లజాతి యువతి చిత్రము 1966 మార్చి మాసపు బ్రిటిష్ వోగ్ పత్రిక ముఖపత్రముపై వచ్చినది. ఆ చిత్రములో ఆమె తన చేతితో ముఖమును చాలవఱకు కప్పుకొని యుండుట గమనింపదగినది. రెండేండ్లకు, 1968 నవంబరులో, నయోమీ సిమ్స్ అను నల్లజాతి మోడల్ 'లేడీస్ హోమ్ జర్నల్' ముఖపత్రముపై కనబడినది. అది మన పత్రికవంటి గృహిణుల పత్రికయే. ధనికుల ఫ్యాషన్ పత్రికయైన అమెరికా వోగ్ కంటె ముందుగా వంటింటి పత్రిక యొకటి ఆ తలుపు తీయుట మాకు ముచ్చటగా నున్నది. అమెరికా వోగ్ పత్రిక ముఖపత్రముపై నల్లజాతి స్త్రీ, బెవర్లీ జాన్సన్, 1974 ఆగస్టులోగాని రాలేదు.

ఈ నడుమ, 1973 నవంబరు 28 వ తేదీన, ఫ్రాన్సులోని వెర్సాయ్ రాజసౌధపు మరమ్మతులకు విరాళములు పోగుచేయుటకై అయిదుగురు ఫ్రెంచి వస్త్రరూపకర్తలును, అయిదుగురు అమెరికా వస్త్రరూపకర్తలును తమ దుస్తులను ప్రదర్శించిరి. ఫ్రెంచివారు పెద్ద పెద్ద అలంకారములు పెట్టిరి. అమెరికావారి కవి లేవు. పలువురు నల్లజాతి యువతులు మాత్రము వారి పక్షమున నడచిరి. వారి నడకలోని చలాకీతనమునకు సభ లేచి నిలిచి హర్షధ్వానములు చేసినది. అందమునకు ఒక్కటే రంగు కలదను మాట ఆ రాత్రి కొంతవఱకు ఓడిపోయినది.

ఆకలి వృత్తియైనప్పుడు

ఈ కథలో మిక్కిలి దుఃఖకరమైన ఘట్టము 2006 లో జరిగినది. ఆ సంవత్సరము ఆగస్టులో ఉరుగ్వే దేశపు మోడల్ లూయిసెల్ రామోస్, ఇరువదిరెండేండ్ల యువతి, ప్రదర్శనము జరుగుచుండగనే కుప్పకూలి మరణించినది. నవంబరులో బ్రెజిల్ దేశపు మోడల్ ఆనా కరొలీనా రెస్టన్, ఇరువదియొక్క యేండ్లది, ఆహారము మానివేసెడి వ్యాధితో క్రుంగి ఆసుపత్రిలో మరణించినది. అప్పటికి ఆమె బరువు 40 కిలోల ప్రాంతము. ఈ రెండు మరణముల నడుమ, సెప్టెంబరులో, స్పెయిన్ దేశపు మాడ్రిడ్ నగర ప్రదర్శనమువారు ఒక నియమము పెట్టిరి. మనిషి బరువును కిలోలలో వ్రాసి, ఎత్తును మీటర్లలో వ్రాసి, ఎత్తును ఎత్తుతో గుణించి, వచ్చినదానితో బరువును భాగించిన వచ్చు అంకె 18 కి తగ్గిన మోడలును వేదిక యెక్కనీయ మనిరి. ఒక మీటరు 75 సెంటీమీటర్ల యెత్తు గల యువతికి ఈ లెక్కన కనీసము 55 కిలోల బరువుండవలెను. ఈ సామాన్యమైన నియమమునకే పలువురు మోడళ్ళు తప్పిరి.

తరువాత ప్రభుత్వములు మేల్కొనినవి. ఇజ్రాయెల్ దేశము 2012 లో శాసనము చేసి, ఆ యంకె 18.5 కి తగ్గినవారిని ప్రకటనలలో చూపరాదనినది. ఫ్రాన్సులో 2015 లో వచ్చిన శాసనము ప్రకారము మోడలు వైద్యుని పత్రము చూపవలెను. ఉల్లంఘించిన యజమానికి 75,000 యూరోల వఱకు జరిమానా, ఆరు మాసముల వఱకు చెఱ. 2017 అక్టోబరు 1 నుండి, దేహపు ఆకారమును దిద్దిన వ్యాపారచిత్రముపై అది దిద్దిన చిత్రమని అచ్చువేయవలె నను నియమము గూడ అమలునకు వచ్చినది. ఆ యేటనే రెండు పెద్ద ఫ్రెంచి వస్త్రసంస్థలు పదునారేండ్లు నిండని పిల్లలను పెద్దల దుస్తులకు నియమింపమని ఒప్పుకొన్నవి.

ఆహారము మానెడి వ్యాధి మోడళ్ళతోనే పుట్టినది కాదు. దానికి అనొరెక్సియా నెర్వోసా అను పేరును 1873 లోనే ఇంగ్లండు వైద్యుడు సర్ విలియం గల్ ఉపయోగించెను. మనోవ్యాధి, కుటుంబక్లేశము, దేహస్వభావము మొదలగు కారణము లనేకము కలిసి అది కలుగును. చిత్రము లొక్కటియే కారణ మనుట సరిగాదు. కాని చిత్రములకు బలము లేదనుటయు సరిగాదని ఫిజీ ద్వీపపు కథ తెలుపుచున్నది.

ఫిజీలో పుష్టిగా నున్న స్త్రీయే అందగత్తె యను భావము తరతరములనుండి యుండెను. నద్రోగా అను ప్రాంతమునకు 1995 లో టెలివిజన్ వచ్చినది. ఆన్ బెకర్ అను హార్వర్డు పండితురాలు ఆ సంవత్సరమును, మరల 1998 లోను అచ్చటి బాలికలను పరిశీలించినది. బరువు తగ్గుటకై తిన్న అన్నమును కావలెనని వాంతి చేసికొన్నవారు మొదటిసారి ఒక్కరును లేరు; మూడేండ్లకు నూటికి పదునొకండుగురకు పైగా తేలిరి. తాము మఱీ లావుగా నున్నామని ఒక్కొక్కప్పుడైనను తోచెడిదని చెప్పినవారు నూటికి 74 మంది. తల్లులు మారలేదు, తిండి మారలేదు, గదిలోనికి ఒక పెట్టె వచ్చినది.

మన గడపలో

ఈ గొడవ పరదేశములది గదా, మనకేల యని కొందఱనవచ్చును. మన చీరకు కొలత లేదు. ఆరు గజముల చీర కన్నెపిల్లకును, బాలింతకును, ముత్తవ్వకును ఒక్కటే. లావైన కుచ్చెళ్ళు తగ్గును, సన్నబడిన పెరుగును, అంతే. ఒక్క బట్టతోనే స్త్రీకి అన్ని వయస్సులు గడచిపోవుట మన పూర్వులు మనకిచ్చిన గొప్ప స్వేచ్ఛ. కొలత విషయమున మనము కొంత సుఖపడితిమి. వర్ణపు విషయమున మాత్రము మనమే ఇతరులకు గురువులము.

మన దేవతలలో రాముడు నీలమేఘశ్యాముడు. కృష్ణుని పేరే నలుపు. ద్రౌపదికి కృష్ణ యని పేరు. "నలుపు నారాయణుడు మెచ్చు" నని సామెత చెప్పుకొందుము. చామనచాయ యను ముద్దైన మాట మన భాషలోనే కలదు. అయినను పెండ్లిచూపులనాడు మన మొదటి ప్రశ్న "పిల్ల యే రంగు?" అనియే. పెండ్లి ప్రకటనలలో తెల్లని పిల్ల కావలెనని యచ్చువేయించుటకు ఎంత చదివినవారును సిగ్గుపడరు.

ఈ బలహీనతను వ్యాపారులు చక్కగా కనిపెట్టిరి. 1975 లో మనదేశమున అమ్మకమునకు వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ అను క్రీమ్ ప్రకటనలు, నల్లని పిల్లకు ఉద్యోగము లేదు, వరుడు లేడు, తెల్లబడగనే అన్నియు కలవు అను కథనే ఏండ్లతరబడి చెప్పినవి. నల్లని మేనివారిని తక్కువగా చూపరాదని 2014 లో ప్రకటనల ప్రమాణమండలి నియమము చేసినది. 2020 లో ఆ క్రీము పేరునుండి 'ఫెయిర్' అను మాట తొలగి 'గ్లో' అను మాట వచ్చినది. పేరు మారినంత వేగముగా మనస్సు మారదు గదా!

ఇంకొక ప్రమాదము కలదు. గుర్తింపులేని తెల్లబరచు క్రీములు కొన్నింటిలో పాదరసముండును. అది చర్మములోనుండి యింకి మూత్రపిండములను చెఱచును. కేరళలోని మలప్పురము జిల్లా వైద్యులు ఇటీవలి సంవత్సరములలో మూత్రపిండముల జబ్బుతో వచ్చిన పలువురిని పరీక్షించి, వారిలో ననేకులు ఇట్టి క్రీములు వాడినవారే యని కనుగొనిరి. మఱికొన్నింటిలో స్టీరాయిడు మందులుండును. అవి మొదట ముఖమును తేటగా చూపి, తరువాత చర్మమును పలుచబరచి, ఎఱ్ఱని మచ్చలు తెచ్చును. ఇట్టి పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని 2018 లో ప్రభుత్వము నియమము చేసినది. కావున కంపెనీ పేరు, తయారు చేసిన చోటు, అందులోని ద్రవ్యముల పట్టిక లేని డబ్బీని ఇంటిలోనికి రానీయకుడు.

తెలుగువారి బిడ్డ యొకతె కథ యిచ్చట చెప్పదగియున్నది. విజయవాడనుండి వలసపోయిన తల్లిదండ్రులకు న్యూయార్కు రాష్ట్రమున 1989 లో జన్మించిన నీనా దావులూరి 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా కిరీటము పొందినది. భారతసంతతివారిలో ఆ కిరీటము పొందిన మొదటి స్త్రీ యీమెయే. ఆ రాత్రియే అమెరికాలో కొందఱు ఆమెను పరదేశి యని దూషించిరి. అదే సమయమున మనదేశమున మఱొక చర్చ లేచినది. ఇంత చామనచాయ గల పిల్ల మనదేశపు పోటీలలో నిలిచియుండెడిదా యని పత్రికలవారే ప్రశ్నించిరి. ఒకచోట పరదేశి, మఱొకచోట నలుపు! ఆమె మాత్రము క్రుంగలేదు. తెల్లబరచు క్రీములకు విరోధముగా అటుపిమ్మట ప్రచారము సాగించినది. హైదరాబాదులో పుట్టిన డయానా హేడెన్ 1997 లో మిస్ వరల్డ్ అయినప్పుడు మనము గర్వపడితిమి. 2025 మే 31 వ తేదీన ఆ పోటీ హైదరాబాదులోనే జరిగి, థాయిలాండు యువతి ఓపల్ సుచాతాకు కిరీటము దక్కినది. కిరీటములను చూచి మన బిడ్డలు ముచ్చటపడుట తప్పుకాదు. అవి పొందని కోట్లకొలది స్త్రీలు కురూపులని తలంచుటయే తప్పు.

లేని స్త్రీతో పోటీ

ఇటీవల మార్పులు రెండు దిక్కులుగా నడచుచున్నవి. 2016 లో పుష్టియైన దేహము గల ఆష్లీ గ్రాహమ్ చిత్రము స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ఈతదుస్తుల సంచిక ముఖపత్రములలో నొకదానిపై వచ్చినది. చర్మముపై తెల్లమచ్చలు గలవారు, వృద్ధురాండ్రు, వికలాంగులు గూడ మోడళ్ళుగా కనబడిరి. అది మేలు. కాని పెద్ద ప్రదర్శనలలో మరల సన్నని దేహములే అధికమగుచున్నవి.

2025 ఆగస్టు మాసపు అమెరికా వోగ్ పత్రికలో ఒక దుస్తుల కంపెనీవారి ప్రకటన వచ్చినది. అందులోని సుందరి పుట్టినది కాదు. కృత్రిమ మేధ యను యంత్రశక్తితో కల్పించిన బొమ్మ. ఆమెకు ఆకలి లేదు, వయస్సు లేదు, పురుడు లేదు. మోడళ్ళ రూపమును వారి యనుమతి లేక యంత్రముతో పునఃసృష్టి చేయరాదని న్యూయార్కు రాష్ట్రమున చేసిన శాసనము 2025 జూనులో అమలునకు వచ్చినది. అది ఆ వృత్తిలోని స్త్రీల కూటికి రక్ష. లేని స్త్రీని చూచి ఉన్న స్త్రీ కుమిలిపోకుండ రక్షించు శాసనము మాత్రము ఏ సభయు చేయజాలదు. అది మన యిండ్లలోనే చేసికొనవలెను. బొమ్మతో మొదలైన కథ బొమ్మవద్దకే తిరిగి వచ్చినది.

తల్లులకు కొన్ని మాటలు

మాకు తెలిసిన యొక యింట, పెండ్లిచూపులకు వచ్చినవారు "పిల్ల కొంచెము ఒళ్ళు చేసినది" అని లేచిపోయిరి. ఆనాటినుండి ఆ పిల్ల రాత్రి భోజనము మానినది. తల్లి మొదట మెచ్చుకొన్నది. నాలుగు మాసములకు నెలసరి ఆగినది. తల దువ్విన జుట్టు చేతికి వచ్చినది. మేడ మెట్లెక్కుచు తూలి పడినది. అప్పుడుగాని ఆ తల్లికి కన్నులు తెరువబడలేదు. ఆ పిల్ల యిప్పుడు వైద్యుని సహాయముతో కోలుకొన్నది; ఉద్యోగము చేయుచున్నది. "అమ్మ మెచ్చుకొనకుండ నుండినయెడల నేను అంతదూరము పోయెడిదానను కాను" అని ఆమె మాతో ననినది. ఆ మాట మేము మఱువజాలము.

కావున సోదరీమణులకు మా మనవి యిది. ఆడపిల్ల అందఱితో కూర్చుండి తినుటకు వెనుదీసినను, తిన్నవెంటనే తలుపు వేసికొనుచున్నను, నెలసరి తప్పినను, ఎప్పుడును చలి యనుచున్నను, దానిని నాజూకుతనమని మురియక వైద్యునికి చూపుడు. తిట్టకుడు, బలవంతముగా ముద్ద నోట పెట్టకుడు, ప్రక్కన కూర్చుండుడు. ఇంటికి వచ్చిన చుట్టములు "నల్లబడితివే", "లావైతివే" యని పలుకరించినప్పుడు పిల్ల యెదుటనే మెల్లగా మాట మరల్చుడు. అన్నిటికంటె ముఖ్యముగా, అద్దము ముందు నిలిచి మన దేహమును మనమే నిందించుకొనుట మానుదము. పిల్లలు మన యుపదేశమును వినరు. మనము మనలను గూర్చి చెప్పుకొనెడి మాటలను మాత్రము చెవియొగ్గి విందురు.

"అందము కొరుక్కు తిందుమా?" యని మన అవ్వలు అనెడివారు. అందము వలదని వారి తాత్పర్యము కాదు. వారును పసుపు రాచుకొనిరి, కాటుక దిద్దుకొనిరి, పూలు ముడిచికొనిరి. కడుపు మాడ్చి కొనుక్కోదగిన సరుకు అది కాదని మాత్రమే వారి భావము. రేపు చీర కొనబోయినప్పుడు గోడమీది పటమును కొంచెము మఱచి, ఆ మీసాల గుమాస్తా భుజముమీది అంచును చూచి బేరమాడుడు. చీర మనకు తగినదా యని చూతము గాని, మనము చీరకు తగుదుమా యని చూడవలదు.